కొత్త కామ్‌లు వేశా, క్లే పెట్టి చూస్తే వాల్వు గ్యాప్ బాగానే ఉంది. నమ్మొచ్చా?

బోల్ట్‌పదమూడు:
ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ కడుతున్నా. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, పైన రెండు కామ్‌షాఫ్టులు (వాల్వుల్ని తెరిచే ఇరుసులు), హైడ్రాలిక్ లిఫ్టర్లు (కామ్‌కీ వాల్వుకీ మధ్య ఆయిల్‌తో నిండి ఉండే ముక్కలు). హెడ్ వంకర తిరిగిందని 0.4 మి.మీ. ఫేసింగ్ (అడుగు గీసి చదును) చేయించా, పనిలో పనిగా లిఫ్ట్ (వాల్వు దిగే దూరం) కాస్త ఎక్కువున్న కామ్‌లు (10.2 మి.మీ.) కూడా వేశా. వాల్వు వెళ్లి పిస్టన్‌కి కొట్టుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. అందుకే ఒకటో పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పరిచి, పాత గాస్కెట్ (హెడ్ కింద పెట్టే రేకు) పెట్టే హెడ్ బిగించి, క్రాంక్‌ని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి విప్పా. బ్లేడుతో కోసి కొలిస్తే ఇన్‌టేక్ దగ్గర 2.2, ఎగ్జాస్ట్ దగ్గర 2.9 వచ్చింది. కొత్త గాస్కెట్ వేసి మూసేయొచ్చా?

డయల్‌గేజ్:
ఆగండి, అప్పుడే మూసేయకండి. పాత గాస్కెట్ వాడటం మంచిదే, అది ఇప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి మందం నిజానికి దగ్గరగా వస్తుంది. తేడా అంతా లిఫ్టర్లతోనే. ఇంజన్ నడవట్లేదు కదా, వాటిలో ఆయిల్ ప్రెషర్ ఉండదు. వాల్వుకి కింద క్లే, పైన గట్టి స్ప్రింగ్ అడ్డం పడేసరికి లిఫ్టరే లోపలికి కుంగిపోతుంది, వాల్వు దిగాల్సినంత దిగదు. మిగిలిన క్లే మందంగా కనిపిస్తే మనం గ్యాప్ ఉందనుకుని సంబరపడతాం. మీ 2.2 అలాంటిదే అని నా అనుమానం.

పాత లిఫ్టర్ ఒకటి విప్పి, ప్లంజర్ (లోపల కదిలే ముక్క) కింద వాషర్లు పెట్టి కుంగకుండా చేయండి. కామ్‌కీ దానికీ మధ్య సందు లేకుండా చూసుకోండి. ఆ వాల్వుకి అసలు స్ప్రింగ్ తీసేసి, వేలితో నొక్కితే దిగేంత మెత్తటి స్ప్రింగ్ వేసి, డయల్ గేజ్ (ముల్లుతో దూరం కొలిచేది) నిలబెట్టండి. పిస్టన్ పైకొచ్చాక క్రాంక్‌ని 10 డిగ్రీలు దాటించి ఇన్‌టేక్ వాల్వుని పిస్టన్ తగిలేదాకా కిందికి నొక్కండి, ముల్లు ఎంత తిరిగితే అంతే మీ గ్యాప్. ఎగ్జాస్ట్‌కి పిస్టన్ పైకి రావడానికి 10 డిగ్రీల ముందు. ఒక్కచోట చూసి వదిలేయకుండా 5 నుంచి 15 దాకా రెండు మూడు డిగ్రీలకోసారి చూడండి, ఏది తక్కువైతే అదే లెక్క. మామూలుగా ఇన్‌టేక్‌కి 2.0, ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. కంటే తగ్గనివ్వరు. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే, అది మూసుకుంటుంటే పిస్టన్ వెనకే తరుముకొస్తుంది, పైగా ఆ వాల్వు వేడికి సాగుతుంది.

క్లేని పారేయకండి. వాల్వు అంచుకీ పిస్టన్ మీది గుంట గోడకీ మధ్య పక్కసందు దానిలోనే తెలుస్తుంది. అక్కడ 1.25 అయినా ఉండాలి.

పాతరెంచి:
ఇంత హడావుడి అవసరమా బ్రో? నేను ఎన్నో ఇంజన్లకి క్లే ఒక్కటే పెట్టి చూశా, ఏమీ కాలేదు.

డయల్‌గేజ్:
కంపెనీ కామ్, ఫేసింగ్ చేయని హెడ్ అయితే అసలు క్లే కూడా అక్కర్లేదన్నా. ఇక్కడ కామ్ మారింది, హెడ్ కిందికి దిగింది. హెడ్ దిగితే బెల్ట్ దారి పొట్టిదై కామ్ టైమింగ్ కూడా కొంచెం వెనక్కి పోతుంది. అన్నీ ఒకేసారి మారినప్పుడు అంచనాలు పనిచేయవు.

పొగబండి:
పిస్టన్ సంగతి సరే, పైభాగం కూడా చూడండి, చాలామంది వదిలేసేది అదే. లిఫ్ట్ పెంచితే స్ప్రింగ్ రిటైనర్ (స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే బిళ్ల) కిందికొచ్చి వాల్వు సీల్‌ని (ఆయిల్ లోపలికి కారకుండా ఆపేదాన్ని) కొడుతుంది. నాకు అదే జరిగింది. కొత్త సీళ్లు పాతవాటికంటే కాస్త ఎత్తుగా ఉన్నాయని గమనించలేదు, స్టార్ట్ చేసిన రెండో రోజు నుంచే నీలం పొగ. హెడ్ విప్పితే సీళ్ల పైఅంచులన్నీ పళ్లతో నమిలినట్టున్నాయి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కూడా రిటైనర్‌కీ సీల్‌కీ మధ్య 1.5 మి.మీ. మిగలాలి. అలాగే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఇంకో 1.5. స్ప్రింగ్ బిగించినప్పటి ఎత్తు, మొత్తం నలిగినప్పటి ఎత్తు ఎంతెంత?

బోల్ట్‌పదమూడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం అంతా దీనిమీదే కూర్చున్నా. వాషర్ల లిఫ్టర్‌తో కొలిస్తే ఎగ్జాస్ట్ 2.6, ఇన్‌టేక్ మాత్రం 1.6!! క్లేని నమ్మి మూసేసి ఉంటే అంతే సంగతులు. సీల్ దగ్గర 2 మి.మీ. ఉంది. స్ప్రింగ్ బిగించినప్పుడు 36.0, మొత్తం నలిగితే 24.6. స్ప్రింగ్ కింద 0.5 షిమ్ (పల్చటి వాషర్) ఉంది.

పొగబండి:
36.0లోంచి 10.2 తీస్తే 25.8, అంటే మిగిలింది 1.2 మాత్రమే. షిమ్ తీసేయండి, 1.7 అవుతుంది. స్ప్రింగ్ పట్టు కాస్త తగ్గుతుంది కాబట్టి మూసి ఉన్నప్పటి ప్రెషర్ కామ్ వాళ్లు చెప్పినంత ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

డయల్‌గేజ్:
ఇన్‌టేక్‌కి 0.4 మందం ఎక్కువున్న గాస్కెట్ దొరికితే ఫేసింగ్‌లో పోయిందంతా దాదాపు తిరిగొస్తుంది, కంప్రెషన్ కూడా పాత చోటికే చేరుతుంది. కానీ హెడ్ పైకి లేస్తే కామ్ టైమింగ్ మళ్లీ ముందుకొస్తుంది, ముందుకొస్తే ఇన్‌టేక్ వాల్వు త్వరగా తెరుచుకుని పిస్టన్‌కి దగ్గరవుతుంది. కాబట్టి 2.0 ఖాయం అనుకోకండి. మీ పుల్లీలు అడ్జస్ట్ అయ్యేవేనా?

బోల్ట్‌పదమూడు:
అడ్జస్ట్ అయ్యేవే అన్నా. మందం గాస్కెట్ పెట్టి చూస్తే 1.9. ఇన్‌టేక్ కామ్‌ని క్రాంక్ లెక్కలో 2 డిగ్రీలు వెనక్కి తిప్పాక 2.1 వచ్చింది. షిమ్ తీసేశా. మిగతా మూడు సిలిండర్లు రేపు.