కొనే స్తోమత లేని స్టూడెంట్ చిన్న ఆర్ట్ గ్యాలరీలకు వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో బీకాం చదువుతున్నాను. బొమ్మలు చూడటమంటే ప్రాణం. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ప్రభుత్వానిది కాబట్టి బెరుకు లేకుండా వెళ్లిపోతాను. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఉండే ప్రైవేటు గ్యాలరీలంటేనే టెన్షన్. అద్దాల తలుపు, లోపల ఒక్కరే మనిషి, చప్పుడుండదు. మొన్న ఒకచోట "ఏమైనా తీసుకుంటారా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక బయటికొచ్చేశాను.

అయినా వెళ్లాలనే ఉంది. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌ను (లోహపు రేకు మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితంపై తీసే అచ్చు) ఫోన్‌లో చూడటం వేరు, ఎదురుగా నిలబడి చూడటం వేరు. ప్రెస్‌లో నొక్కినప్పుడు కాగితంలోకి దిగిన రేకు అంచు, కింద పెన్సిల్‌తో రాసిన ఎడిషన్ నంబరు (మొత్తం అచ్చుల్లో ఇది ఎన్నోదో చెప్పేది), పక్కనే సంతకం. ఇవన్నీ దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తాయి.

అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. ముందే ఫోన్ చేసి వెళ్లాలా? స్టూడెంట్‌ని, చూడటానికే వచ్చానని మొదటే చెప్పేస్తే ఏమైనా అనుకుంటారా? ఓ మూల కూర్చుని స్కెచ్ వేసుకోనిస్తారా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఎగ్జిబిషన్ మొదలయ్యే రోజు పిలవకపోయినా వెళ్లొచ్చా? ఆ రోజు సాధారణంగా చిత్రకారులు కూడా వస్తారు కదా, ఒక్క మాటైనా మాట్లాడాలని ఆశ.

సెలవులకు విజయవాడ వెళ్తుంటాను. అక్కడ ఇలాంటి చిన్న గ్యాలరీలుంటే పేర్లు చెప్పగలరు.