గుండె వాపు జబ్బులపై ప్రపంచ పరిశోధన: పత్రాల లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న (కోనసీమ పీజీ)
నమస్కారమండి. అమలాపురం దగ్గర జనరల్ మెడిసిన్ పీజీ చదువుతున్నాను. మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు), పెరికార్డైటిస్ (గుండె పై పొర వాపు), ఎండోకార్డైటిస్ (లోపలి పొర వాపు)లపై 2000 నుంచి 2023 వరకు ఏ దేశం నుంచి ఎన్ని పత్రాలు వచ్చాయో లెక్క తేల్చమని మా గైడు గారు చెప్పారు. వైద్య పత్రాల వివరాలు దొరికే ఆన్‌లైన్ సూచికల్లో ఒకే మాటలతో వెతికినా పబ్‌మెడ్‌లో ఒక సంఖ్య, స్కోపస్‌లో మరొకటి వస్తున్నాయి. దేన్ని నమ్మాలి? మా వార్డులో తరచూ కనిపించే రుమాటిక్ గుండె జబ్బును ఇందులో కలపాలా?

జవాబు (కాకినాడ గ్రంథపాలకుడు)
రెండు సంఖ్యలూ తప్పు కాదండి, అవి చేర్చుకునే పత్రికల జాబితాలే వేరు. రెండింటినీ కలిపేటట్లయితే ముందు డీఓఐ (ఒక్కో పత్రానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఆధారంగా, అది లేని పాత పత్రాలకు శీర్షిక ఆధారంగా, రెండుసార్లు వచ్చినవాటిని తీసేయండి. ఇక దేశాల లెక్కలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది: 2014కు ముందు పబ్‌మెడ్ రికార్డుల్లో సాధారణంగా మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఉండేది, ఆ తరువాతే మిగిలిన రచయితల చిరునామాలు కూడా చేరుతున్నాయి. అందువల్ల ఆ ఏడాది నుంచి దేశాల మధ్య సహకారం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది గాని, ఆ పెరుగుదలలో కొంత రికార్డు రాసే పద్ధతి మారడం వల్ల వచ్చినదే. నాలుగు దేశాలవారు కలిసి రాసిన పత్రాన్ని ఒక్కో దేశానికి ఒకటి చొప్పున వేస్తారా, పావు చొప్పున వేస్తారా అన్నది కూడా ముందే తేల్చుకుని థీసిస్‌లో రాయండి. రచయితల వారీ పట్టిక జోలికి వెళితే మాత్రం మన పేర్లు ఏడిపిస్తాయి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా, ఇంకోచోట చివరన పడి, ఒకే మనిషి ముగ్గురవుతాడు.

జవాబు (గోదావరి వైద్యుడు)
రుమాటిక్ సంగతి నేను చెబుతాను. ఆ గుండె జబ్బుకు మూలమైన తీవ్రమైన రుమాటిక్ జ్వరంలో గుండె మూడు పొరలూ వాస్తాయి, కనుక వైద్యపరంగా అది మీ విషయమే. అయితే పబ్‌మెడ్ విషయసూచికలో దానికి వేరే శీర్షిక ఉంది కాబట్టి, మీ మూడు మాటలతో మాత్రమే వెతికితే అందులో చాలా భాగం జారిపోతుంది. దాన్ని విడి పట్టికగా చూపడమే మేలని నా అభిప్రాయం. ప్రధానంగా పేద, మధ్యాదాయ దేశాల వారిని పట్టి పీడించే జబ్బు అది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దానిపై ప్రత్యేకంగా తీర్మానం చేసింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, కాని ఏ లంకలో ఎన్ని ఇళ్లు మునిగాయో ఆ అంకె చెప్పదు. పత్రాల సంఖ్యను జబ్బు భారంగా చదవడమూ అలాంటిదే. పైగా 2021లో ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాల తరువాత వచ్చిన మయోకార్డైటిస్‌పై లేఖలు, ఒక్కో రోగి నివేదికలు వెల్లువెత్తాయి. వాటినీ మూల పరిశోధనలనూ ఒకే గంపలో వేయకండి.

ప్రశ్న వేసినవారు
ధన్యవాదాలండి. రాత్రి గ్రాఫు తిరిగి గీస్తే, గ్రంథపాలకుడు గారు చెప్పినట్టే 2014 దగ్గర మెట్టు కనిపించింది. దాన్ని చూసే నేను ‘భారత పరిశోధనలో మలుపు’ అని ఒక పేరా రాసిపెట్టుకున్నాను. ఆ పేరా కొట్టేసి, దేశాల పట్టికను అన్ని ఏళ్లకూ మొదటి రచయిత చిరునామాతోనే మళ్లీ కడుతున్నాను. రుమాటిక్ జబ్బుకు విడి పట్టిక వేసుకోవడానికి గైడు గారు ఒప్పుకున్నారు.