నాపరాయి గచ్చు మీద నూనె, పసుపు మరకలు: యాసిడ్ వాడవచ్చా?

ప్రశ్న, అల్వాల్ నుంచి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో కింది అంతస్తంతా తాండూరు నాపరాయి, పై గదుల్లో తెల్ల పాలరాయి. పూజగదిలో కుందుల కింద నువ్వులనూనె ఇంకి ఇంకి నాపరాతి మీద అరచేతి మేర నల్లటి మచ్చ తేలింది. పైన పాలరాతి మీద శ్రావణ శుక్రవారం నాడు పసుపు నీళ్లు ఒలికాయి. వంటసోడా వేసి రుద్దితే మరక పోకపోగా ఎర్రగా మారింది. బాత్రూములు కడిగే యాసిడ్ నీళ్లలో కలిపి రుద్దితే రెండూ పోతాయని దుకాణంలో చెబుతున్నారు. దసరాకు చుట్టాలు వస్తున్నారు. వాడమంటారా?

జవాబు, కాచిగూడ నుంచి:
వద్దమ్మా. ఆ సీసాను గచ్చు దగ్గరికే రానివ్వకండి. నేను బండల పాలిష్ పనిలో ఉన్నవాణ్ని. మరకలు పడి పాడైన గచ్చులకన్నా, మరకలు పోగొట్టబోయి పాడుచేసుకున్న గచ్చులే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

తాండూరు, షాబాద్, బేతంచర్ల, కడప బండలన్నీ సున్నపురాయి జాతివే. అదే సున్నపురాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారితే పాలరాయి అవుతుంది. వీటన్నిటిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే అది బుసబుసా పొంగుతుంది. ఆ నురగ చూసి మురికి పోతోందని సంబరపడతారు. పోతున్నది రాయి. నునుపు పోయి గరుకుదేలిన చోట మురికి మరింత త్వరగా పడుతుంది. మీ నూనె మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే యాసిడ్ నూనెను కరిగించదు.

లోపలికి ఇంకిన నూనెను పైపైన రుద్ది తీయలేం. పైకి పీల్చాలి. అందుకు పట్టు వేస్తాం. టాల్కం పౌడరు గానీ తెల్ల సుద్దపొడి గానీ తీసుకుని, అందులో అసిటోన్ కొద్దికొద్దిగా పోస్తూ గట్టి పెరుగులా ముద్ద చేయండి. మచ్చ చుట్టూ ఒక అంగుళం దాటేలా, అర సెంటీమీటరు మందాన పరచండి. పైన పాలిథీన్ కాగితం కప్పి అంచులకు టేపు అంటించి, పిన్నుతో నాలుగైదు చిల్లులు పెట్టండి. ఒక రోజు ఆగి కాగితం తీసేసి, ముద్దను పూర్తిగా ఎండనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఎండుతున్నప్పుడే అది నూనెను పైకి లాగేది. ఎండి పగుళ్లు పారాక ప్లాస్టిక్ రేకుతో గీకి తీస్తే, ముద్ద అడుగున పసుపచ్చగా నూనె కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇంకిన నూనె ఒక్కసారికి రాదు. మచ్చ పలచబడుతున్నంత కాలం మళ్లీ మళ్లీ వేయండి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పట్టు ఉన్నన్నాళ్లూ ఆ గదిలో దీపం, అగరొత్తులు వద్దు, కిటికీలు తెరిచి ఉంచండి. దేవుడి దీపాన్ని ఆ రెండు మూడు రోజులు హాల్లో పెట్టుకోండి. అది కుదరకపోతే అసిటోన్ మానేసి, వంటసోడాలో నీళ్లు, గిన్నెలు తోమే తేలిక సబ్బు ద్రవం కలిపి పట్టు వేయండి. పని నెమ్మదిగా జరుగుతుంది, ప్రమాదం ఉండదు.

పసుపు సంగతికి వస్తే, సోడా, సబ్బు లాంటి క్షారం తగిలితే అది ఎర్రబడుతుంది. కంగారు పడకండి, మంచినీళ్లతో బాగా తుడిస్తే ఆ ఎరుపు తగ్గుతుంది. తర్వాత మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సుద్దపొడిలో కలిపి ఇలాగే పట్టు వేయండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి, ఆ గదిలోకి ఎండ వస్తుంటే పరదాలు తీసి ఉంచండి. మిగిలిన చాయ చాలావరకు దానంతటదే పోతుంది.

ప్రశ్న, కూకట్‌పల్లి నుంచి:
అన్నగారూ, మా పాలరాతి మీద నిమ్మచెక్క పెట్టిన చోట తెల్లటి గుండ్రటి గుర్తు పడింది. వంటింటి నాపరాతి మీద గ్యాస్ సిలిండర్ తుప్పు వలయం ఉంది. వీటికీ పట్టే వేయాలా?

జవాబు, కాచిగూడ నుంచి:
నిమ్మ గుర్తు మరక కాదు తమ్ముడూ, అక్కడ రాయే కరిగింది. కిటికీ వెలుతురుకు ఎదురుగా వంగి ఏటవాలుగా చూడండి, అంతటా మెరుపు ఉండి ఆ గుండ్రం ఒక్కటే వెలవెలబోతుంది. తీయడానికి అక్కడ ఏమీ లేదు, కాబట్టి ఎన్ని పట్లు వేసినా లాభం లేదు. పాలిష్ ఒక్కటే దారి. చింతపండు పులుసు, వెనిగర్, పెరుగు ఏది పడినా ఇదే తీరు, వెంటనే తుడవాలి. గ్రానైట్ మీద మాత్రం ఇలాంటి గుర్తులు పడవు, నూనె మాత్రం దానిలోకీ ఇంకుతుంది.

తుప్పు అన్నిటికన్నా మొండిది. బ్లీచింగ్ పౌడరు వేస్తే ఇంకా గట్టిపడుతుంది. పాలరాతికి పనికివస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న తుప్పు మందే కొనండి, మామూలు తుప్పు మందుల్లో యాసిడ్ ఉంటుంది. లోతుగా దిగిన తుప్పు పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. ముందు సిలిండర్ కింద చక్రాల ప్లాస్టిక్ పీట పెట్టండి. ఇంకో మాట, బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ రెండూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ప్రశ్న, అల్వాల్ నుంచి:
చాలా ధన్యవాదాలండీ. మరకలు పోయాక మళ్లీ పడకుండా సీలర్ వేయిస్తే సరిపోతుందా?

జవాబు, కాచిగూడ నుంచి:
వేయించండమ్మా, కానీ ముందు నాలుగు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు చూడండి. రాయి నల్లబడితే నీరు ఇంకుతోందని, సీలర్ అవసరమని అర్థం. బొట్లు అలాగే నిలిస్తే ఇప్పటికి అక్కర్లేదు. పైన పొరలా మెరిసేది కాదు, రాతిలోకి ఇంకే రకం అడగండి. గచ్చు పూర్తిగా ఆరి ఉండాలి. మీ వైపు వానలు పడుతుంటే తెరిపి ఇచ్చేదాకా ఆగండి, లోపల తేమ ఉంటే రాతి మీద మబ్బులా తెల్లతెల్లగా మిగులుతుంది. పూసిన కాసేపటికి, ఎండకముందే, మిగులు ద్రవాన్ని గుడ్డతో తుడిచేయాలి. సీలర్ వల్ల నూనె ఇంకడం ఆలస్యమవుతుంది, తుడవడానికి మీకు సమయం దొరుకుతుంది, అంతే. నిమ్మకాయను మాత్రం ఆపలేదు. కుందుల కింద ఇత్తడి పళ్లెం పెట్టండి, అది సీలర్ కన్నా నమ్మకమైనది. రోజూ తడిగుడ్డకు మంచినీళ్లు చాలు. బోరునీళ్లు అయితే వెంటనే పొడిగుడ్డ కూడా పెట్టండి, లేకపోతే ఉప్పు తెల్లచారలుగా పేరుకుంటుంది.

మరిచాను, పెరాక్సైడ్ ముదురు రంగు రాళ్లను వెలిసేలా చేయగలదు. కడప బండ మీద వాడేటప్పుడు ముందు బీరువా వెనక మూలలో వేసి చూడండి.