ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టేవారన్నది నిజమేనా?

బాపట్ల_టీచర్:
అందరికీ వందనాలు. మా సండే స్కూల్ పిల్లలతో ప్రాయశ్చిత్త దినం (ప్రజల పాపాల పరిహారానికి యూదులు ఏడాదికోసారి పాటించే రోజు) మీద ఒక స్కిట్ వేయిస్తున్నాం, తొలి ప్రధాన యాజకుడు అహరోను బట్టలు కుట్టించే పని నా మీద పడింది. నీలం అంగీ, అంచుకు గంటలు, పతకం, పాగా అన్నీ రాసుకున్నాను. అయితే చిన్నప్పటి నుంచి కన్వెన్షన్లలో వింటున్న మాట ఒకటుంది కదా, ప్రధాన యాజకుడు దేవాలయంలో తెర వెనకున్న అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు కాలికి తాడు కడతారని, గంటల చప్పుడు ఆగిపోతే లోపల చనిపోయాడని గ్రహించి బయటికి లాగేస్తారని. నిర్గమకాండం 28 చదివాను, 39 చదివాను, తాడు ఎక్కడా లేదు. ఇంకెక్కడైనా ఉందా? పిల్లలకు ఆ సీనే తెగ నచ్చింది మరి.

నిబంధన_పాఠకుడు:
లేదండి. బైబిల్లో లేదు, మిష్నాలో (తొలి రబ్బీల బోధల సంకలనం) లేదు, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాతల్లోనూ లేదు. 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో వెలుగు చూసిన జోహర్ అనే యూదు గ్రంథంలో ఈ తాడు మాట కనిపిస్తుంది. అప్పటికి దేవాలయం కూలి పన్నెండు వందల ఏళ్లు అయిపోయింది.

తాడు సంగతి అలా ఉంచండి, అసలు ఆ కథకు గంటలే అడ్డు. లేవీయకాండం 16:4 చూడండి. ఆ రోజు లోపలికి వెళ్లేటప్పుడు నార చొక్కాయి, నార లాగు, నార దట్టి, నార పాగా, అంతే. గంటలూ దానిమ్మపండ్లూ ఉన్న నీలపు అంగీ, దాని మీద వేసుకునే ఏఫోదు అనే పైవస్త్రం, 12 రాళ్ల పతకం, నుదుటి మీది బంగారు రేకు, ఏవీ తెర లోపలికి వెళ్లవు. ఇక ఏ చప్పుడు ఆగిందని బయటివాళ్లు చెవులు రిక్కించి వింటారు?

నన్నడిగితే ఈ వస్త్రాల అర్థమంతా అక్కడే ఉంది. మిగతా రోజుల్లో ఆయన ఒంటి మీద ఇశ్రాయేలు మొత్తం ఉంటుంది, భుజాల మీద రెండు రాళ్లు, ఒక్కోదాని మీద ఆరు పేర్లు, గుండె మీద మళ్లీ ఆ పన్నెండు పేర్లూ. అంత వైభవంగా తిరిగే మనిషి, ఏడాదికొక్క రోజు, అతిపరిశుద్ధ స్థలంలో అడుగు పెట్టే ఆ ఒక్క రోజు, అవన్నీ విప్పేసి వెళ్తాడు. మామూలు యాజకుల దట్టిలో కూడా నీల ధూమ్ర రక్తవర్ణాల నూలు ఉంటుంది (నిర్గమ 39:29), ఆ రోజు ఈయన దట్టికి అదీ లేదు.

గోదావరి_బ్రదర్:
బ్రదర్, మరి "అతడు చావకుండునట్లు" అని గంటల దగ్గరే ఉంది కదా (నిర్గమ 28:35). పెద్ద పెద్ద దైవజనులు చెప్పేదాన్ని ఇలా తేలిగ్గా కొట్టేస్తే ఎలా? తాడు లేకపోతే లోపల పడిపోయిన మనిషిని ఎవరు తెస్తారు?

నిబంధన_పాఠకుడు:
ఉంది బ్రదర్, కాదనను. కానీ అక్కడ చెప్పింది పరిశుద్ధ స్థలంలో రోజూ చేసే సేవ గురించి. పైగా అదే అధ్యాయం చివర్లో నార లాగులు తొడుక్కోకపోయినా చస్తారనే ఉంది, లాగుల మీద ఎవరూ కథ అల్లలేదు పాపం. రెండో ప్రశ్నకు లేవీయకాండం 10 చూడండి. అహరోను కొడుకులు నాదాబు, అబీహు గుడారంలో చనిపోయినప్పుడు వాళ్ల బంధువులు మిషాయేలు, ఎల్సాఫాను వచ్చి వాళ్లను వాళ్ల చొక్కాయిలతోనే పాళెం బయటికి మోసుకుపోయారు. అది అతిపరిశుద్ధ స్థలంలో కాదు, నిజమే, కానీ బైబిల్ చెప్పిన పద్ధతి అదొక్కటే.

చరిత్ర_పిచ్చి:
చర్చిలో అంతగా వినపడని ముక్క ఒకటి చెప్తా. రోమా వాళ్ల కాలంలో ప్రధాన యాజకుడి ఈ బంగారు వస్త్రాలు (ఏఫోదు, పతకం ఉన్న జత) యాజకుల చేతిలో ఉండేవి కావు! దేవాలయం పక్కనున్న అంతోనియా కోటలో, రాతి గదిలో, సీలు వేసి పెట్టేవారు, పండగకు ఏడు రోజుల ముందు ఇచ్చి, పండగ అయ్యాక మళ్లీ లోపల పెట్టేసేవారని జోసీఫస్ రాశాడు. ఆ బట్టలు లేకపోతే ఆయన ప్రధాన యాజకుడిగా జనం ముందుకు రాలేడు, అంటే జుట్టు రోమా చేతిలో ఉన్నట్టే. క్రీ.శ. 36 ప్రాంతంలో సిరియా గవర్నర్ విటెల్లియస్ వాటిని యూదులకు తిరిగి ఇచ్చేశాడు, తర్వాత యూదయను పాలించిన రోమా అధికారి ఫాదుస్ మళ్లీ లాక్కోబోతే గొడవ చక్రవర్తి క్లౌదియ దాకా వెళ్లి యూదుల పక్షానే తేలింది.

ఇంకోటి, ప్రాయశ్చిత్త దినాన ఉదయం తొడిగే నార ఈజిప్టులోని పెలూసియంది, మధ్యాహ్నం తొడిగేది హిందూ దేశపు బట్ట అని మిష్నాలో ఉంది. రబ్బీ మేయిర్ లెక్కలో మనది 800 జూజులు (అప్పటి వెండి నాణేలు), పెలూసియంది 1200 జూజులు. అంటే సాదా తెలుపే గానీ చవక బట్టేం కాదు.

బాపట్ల_టీచర్:
అమ్మో, ఇంత ఉందా! అయితే తాడు సీన్ తీసేస్తున్నా, పిల్లలు అలుగుతారు, చూద్దాం. ఇప్పుడు రెండు జతలు కుట్టించాలన్నమాట. స్టేజి మీదే మార్చొచ్చా?

నిబంధన_పాఠకుడు:
మార్చండి సిస్టర్, అదే అసలు సీన్. మిష్నా లెక్క ప్రకారం ఆ ఒక్క రోజే ఐదుసార్లు స్నానం, పదిసార్లు కాళ్లు చేతులు కడుక్కోవడం, బంగారు వస్త్రాల నుంచి తెల్లవాటికి, మళ్లీ బంగారానికి మారుతూనే ఉండాలి. స్నానం చేస్తుంటే జనానికి కనపడకుండా నార దుప్పటి అడ్డం పట్టేవారు, ఆ దుప్పటి పట్టుకునే పాత్రలు ఇద్దరు పిల్లలకు ఇవ్వొచ్చు. నీలం అంగీకి మెడ దగ్గర చిరగకుండా చుట్టూ గోటు వేయించండి, అదైతే నిర్గమ 28:32లో నిజంగానే ఉంది.