సమస్య: దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు

మన నెల్లూరు, ఒంగోలు వైపు పద్యాల బృందానికి ఈ వారం సమస్యగా ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలూ రాసి పూరించమని. తిక్కన గారు, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి, ఉదయగిరి కోట, ఇవేవీ వద్దన్నాను. వాటి మీద పద్యం నిద్రలో కూడా వస్తుంది. ఏ ప్రత్యేకతా లేకుండా రోజురోజుకీ పెరిగిపోతున్న మన ఊళ్ళలో మీ కంటికి ఏది బాగుందో చెప్పమన్నాను.

మొదట వచ్చింది ఒంగోలు మాస్టారిది:

ఒంగవోలు గిత్త యొడుపుగా నడిచిన
సంజ వేళ రేగు సన్న ధూళి
తారు పరచి రిపుడు, తలవంచి వెదకితి
దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు

గణాలకు (గురులఘువుల కూర్పుకు) ఢోకా లేదు. ఒంగోలు కాస్తా ఒంగవోలు అయింది, చెవికి బాగానే ఉంది. కానీ మాస్టారూ, 'ఒడుపుగా' అన్నది యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) పిలిస్తే వచ్చిన మాట. అందులో గిత్త కనపడదు. మూలాపేట అక్క ఇలా మార్చమన్నారు: "ఒంగవోలు గిత్త యూగు మూపురముతో / సంజ వేళ లేపు సన్న ధూళి". మూపురం ఊగేసరికి గిత్త కళ్ళముందుకు వచ్చేసింది. భావం మీద మాత్రం నాకు పేచీ ఉంది. తారు వేశారని ఏడ్చేవాళ్ళు వానాకాలంలో ఆ మట్టిబాటన ఒక్కసారి నడిచి చూడాలి. పైగా మనం అడిగింది ఇప్పటి ఊరు, పోయిన ఊరు కాదు.

అక్క పూరణ:

ఇంటి రొట్టె పట్టి యీ చెరువున నిల్చి
కోరుకున్న గోడ కొంత లేచి,
యిసుక బండి రాక యీ యేడు నిలిచిన
దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు

బయటి ఊళ్ళ వాళ్ళ కోసం ఒక మాట. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, నెల్లూరు చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె అని కోరికకొక రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు, తీరినవాళ్ళు మళ్ళీ ఏడు వచ్చి తామూ ఒకటి ఇస్తారు. ఆ ఆచారాన్ని అక్క సగం లేచిన గోడకు అతికించారు. దుమ్ము లేదంటే పని ఆగిందని అర్థం! సమస్యలోని వైరుధ్యం ఒక్క దెబ్బకు విడిపోయింది. 'లేచి' తర్వాత 'ఇసుక' యడాగమంతో 'యిసుక' కావడం కూడా చక్కగా కుదిరింది.

"ఇందులో అందం ఎక్కడుంది?" అని మాస్టారి ప్రశ్న. అక్క జవాబు యథాతథంగా: "మా వీధిలోకి రండి మాస్టారూ. ఇటుకల సందుల్లోంచి కారి గట్టిపడిన సిమెంటు, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, వాటికి కట్టిన దిష్టిబొమ్మ. ఆ బొమ్మకి మీసాలు ఆ ఇంటి పిల్లే దిద్దింది. నాకు అదే అందం."

నేను అక్క వైపే. అయితే ఆ మీసాలు పద్యంలోకి రావాల్సింది, వ్యాఖ్యలో మిగిలిపోయాయి.

నెల్లూరులో గది తీసుకుని చదువుకుంటున్న కందుకూరు తమ్ముడిది తొలి ప్రయత్నం:

చెరువు గట్టు మీద నెల్లూరు చూచితి
క్రేను కొక్కెమునకు కెంపు పొద్దు
సద్దిమూట విప్పి సందులో నక్కకు
దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు

మొదటి పాదంలో 'చె'కి 'నె' యతి చెల్లదు. మూడో పాదంలో అక్క కాస్తా నక్క అయి కూర్చుంది! సభ్యులు దొరికిందే చాలని ఆడుకున్నారు, ఇక ఆపండి. 'నెల్లూరు' అసలే మొండి మాట. తగణం (రెండు గురువులు, ఒక లఘువు) కాబట్టి ఆటవెలదిలో బేసి పాదాల చివరి రెండు గణాల్లో తప్ప పట్టదు. ఒంగోలుదీ అదే గతి. కందుకూరు, చీమకుర్తి, పొదిలి వాళ్ళకు ఈ టెన్షన్ లేదు, దాదాపు ఎక్కడైనా ఇముడుతాయి. తమ్ముడు దాన్ని సరైన చోటే పెట్టాడు, యతి ఒక్కటే చూసుకోలేదు. అందరూ కలిసి సర్దిన రూపం:

నీటి గట్టు మీద నెల్లూరు చూచితి
క్రేను కొక్కెమునకు కెంపు పొద్దు
కూటి మూట విప్పి కూర్చున్న వదినకు
దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు

'నీటి గట్టు' కొంచెం అతుకే. రెండో పాదం మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. పొద్దు క్రేను కొక్కేనికి వేలాడటం ఆ గట్టు మీద సాయంత్రం నిలబడినవాడికే తోస్తుంది. కూలికొచ్చిన మనిషిని 'వదిన' అనడం నాకు మరీ నచ్చింది.

చివరగా చీమకుర్తి అన్న అందరికీ అడ్డం తిరిగాడు:

చీమకుర్తి రాయి చిందించు నక్షత్ర
కాంతి, కోయువాని కఫము తెలుపు!
దగ్గు లేని పనియె దక్కిన, నెవనికి
దుమ్ము లేని యూరు దుఃఖమిచ్చు?

సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత ఉపాయమే, సాధారణంగా మార్కులు తగ్గిస్తాను. ఇక్కడ తగ్గించను. గెలాక్సీ గ్రానైట్ నల్లటి పలక మీద చుక్కల మెరుపు ఎంత నిజమో, కోసేవాడి ఊపిరితిత్తుల్లో దిగే రాతిపొడి అంతే నిజం. 'కఫము' బీభత్సంగా ఉందన్నారు ఇద్దరు. ఉండనీయండి. "నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము అంతగా లేవదు, పనీ ఆగదు. మీరందరూ పనినీ దుమ్మునీ ఒకటే చేశారు" అని అన్న రాసిన మాటకు అక్క గానీ తమ్ముడు గానీ ఇంకా బదులివ్వలేదు.

వచ్చేవారం పాదం, ఇదీ ఆటవెలదే: "పెన్న నీరు లేక పెరిగె వరద". మనుషుల వరద, వాహనాల వరద అని మొదటి నలుగురూ రాసేస్తారు. అవి పంపకండి.