అప్‌డేట్: ఏఎస్/400 మీద వెబ్ స్క్రీన్లు, చివరికి ఏం పనిచేసిందంటే

మా ఆర్డర్లన్నీ ఏఎస్/400లో (ఐబీఎం బిజినెస్ సర్వర్) ఆర్‌పీజీ (దాని మీద వాడే పాత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాముల మీదే నడుస్తాయి, వాటికి ఒక్కో వెబ్ స్క్రీన్ కట్టడానికి వారాలు పడుతోంది, మొత్తం జావాలో తిరిగి రాసుకోవాలా అని ఇక్కడ అడిగాను కదా. సమస్య తీరింది, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్ ద్వారా పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాము) సలహానే. పాత ప్రోగ్రామును ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్‌గా రిజిస్టర్ చేస్తే జావా నుంచి మామూలు ఎస్‌క్యూఎల్ కాల్‌లా పిలవొచ్చు, ఏళ్ల తరబడి సరిచూసుకుంటూ వచ్చిన ధరల లెక్క, క్రెడిట్ లిమిట్ చెక్ ఎక్కడివక్కడే ఉంటాయి. చిక్కల్లా ఒకటే: ఆ ప్రోగ్రాముల్లో లెక్కా, గ్రీన్ స్క్రీన్ (పాత టెర్మినల్‌లో అక్షరాలతో కనిపించే స్క్రీన్) చూపించే కోడూ కలిసిపోయి ఉన్నాయి. వెబ్ నుంచి వచ్చే కాల్ నడిచే జాబుకి టెర్మినల్ ఉండదు కాబట్టి స్క్రీన్ తెరిచే చోట ఎర్రర్ కొడుతుంది. అందుకని లెక్క భాగాన్ని విడదీసి సర్వీస్ ప్రోగ్రాముగా (వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్) పెట్టాం. అసలు శ్రమంతా ఇక్కడే, కానీ ఒకసారి అయ్యాక కొత్త స్క్రీన్ రెండు మూడు రోజుల పనే.

ఇంకోటి, కస్టమర్ పేరు RAO అని ఉండాల్సిన చోట D9C1D6 అని వచ్చేది. ఆ కాలమ్ సీసీఎస్ఐడీ (అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో చెప్పే నంబర్) 65535, అంటే అక్షరాలుగా మార్చొద్దని, అందుకే ఉత్త కోడ్లే వచ్చేవి. జేడీబీసీ (జావాని డేటాబేస్‌కి కలిపేది) కనెక్షన్‌లో ట్రాన్స్‌లేట్ బైనరీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే సరిపోయింది.

మెషీన్ పాతదని, కొత్తది కొనాలని కొందరన్నారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. స్క్రీన్ స్క్రేపింగ్ (గ్రీన్ స్క్రీన్‌లో కనిపించేదాన్ని చదివి వెబ్ పేజీలో చూపడం) కూడా చూశాం, ఒక ఫీల్డు పక్కకి జరిగితే పేజీ చెడిపోతోంది, వదిలేశాం.