లెక్క చదవకుండానే ‘కూడాలా, తీసెయ్యాలా’ అంటున్నారు

సిరొంచ టీచర్: మాది గడ్చిరోలి జిల్లా, ఆరో తరగతి. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. తీసివేతలు చకచకా చేస్తారు గానీ మాటల లెక్క ఇస్తే చాలు, చదవకుండానే "సార్, కూడాలా తీసెయ్యాలా?" అంటారు. ఏం చేయాలి?

గోదారి గట్టు: అంకెలు తీసేసి లెక్క ఇవ్వండి, సంగతేంటో తెలుగులో చెప్పించండి. అంకెలు ఆ తర్వాతే.

బల్లార్షా మావయ్య: గణితవేత్త కాప్రేకర్ కనిపెట్టిన ఆట ఆడించండి, ఆయనా మహారాష్ట్ర బడిపంతులే. 3524 అంకెల్ని పెద్దది ముందుగా ఒకసారి, చిన్నది ముందుగా ఒకసారి పేర్చి తీసివేస్తే 3087, మళ్లీ చేస్తే 8352, ఆపైన 6174, ఇక అక్కడే ఆగిపోతుంది. నాలుగంకెల సంఖ్య ఏది తీసుకున్నా ఇంతే, అన్నీ ఒకే అంకె కాకపోతే చాలు. అసలు మజా ఏంటంటే, ప్రతి తేడా 9తో ఎందుకు భాగించబడుతుందో అడగండి, మీరు మాత్రం చెప్పేయకండి.

సిరొంచ టీచర్: మూడంకెలకీ ఇలా వస్తుందా?

బల్లార్షా మావయ్య: 495. పిల్లల్నే కనుక్కోనివ్వండి సార్.